మారిపోయిన కవర్లు

“చదవడానికి ఎంత పొద్దు, రాయడానికి ఎంత పొద్దు? ఏదో ఒక లెక్క చెప్పండి టీచరుగారూ” అంది నీలవేణి. అడిగినట్టు లేదు, నిలదీసినట్టుంది. ప్రసూనాంబ టీచరుగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, “కూర్చో” అన్నారు. ఆవిడకు అదొక అలవాటు. ఎవరు ఏం అడిగినా ముందు కూర్చోమంటారు. కూర్చున్నాక జవాబు చెబుతారన్న పూచీ ఏమీ లేదు.

విజయనగరంలో ఆవిడ దగ్గర కథలు రాయడం నేర్చుకున్నవాళ్ళం కొందరం ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి వరండాలో చేరేవాళ్ళం. నేర్చుకున్నాం అంటున్నాను గాని, ఆవిడ ఫలానాది నేర్పారని మాలో ఒక్కరూ చెప్పలేరు. మాలో పేరొచ్చింది నీలవేణికి మాత్రమే. పగలంతా మునిసిపల్ ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం దిగని అత్తగారు. వీటి మధ్యలో రెండు వారపత్రికలకు రెండు సీరియళ్ళు. పత్రికల ఏజెంటు అప్పలసూరి సైకిలు మీద వచ్చి ఆమె రాసిన భాగాలున్న కవర్లు పట్టుకెళ్ళి సాయంత్రం మెయిలు బండికి అందించేవాడు. ఎసరు మరిగేలోగా ఒక పేజీ, ఆఫీసులో పెద్దాయన టీకి వెళ్ళొచ్చేలోగా ఒక పేజీ. అలా రాసింది అలాగే మడిచి కవర్లో పెట్టేది. తను రాసింది తిరగేసి చూసుకునే తీరికే లేదు, ఇంకొకరు రాసింది ఎక్కడ చదువుతుంది?

ఆ తొందరలోనే ఒకసారి ఈ కవర్లో పెట్టాల్సింది ఆ కవర్లోనూ, ఆ కవర్లో పెట్టాల్సింది ఈ కవర్లోనూ పెట్టి పంపేసింది. పత్రికలు అచ్చయి స్టేషను బుక్‌స్టాల్లో వేలాడేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు. కొని, గుండె చిక్కబట్టుకుని తెరిచి చూస్తే రెండు చోట్లా కథ సాఫీగా నడుస్తోంది. పాపం, రచయిత్రి హడావుడిలో పేర్లు తారుమారు చేసిందనుకుని పత్రికలవాళ్ళు పేర్లు మాత్రం దిద్ది అచ్చేశారు. ఒక సీరియల్లో వసుంధర ఏడవాల్సిన ఏడుపు రెండోదాంట్లో మృదుల ఏడ్చింది. కిటికీ అదే, వాన అదే, నోట్లో కుక్కుకున్న కొంగూ అదే. చదివేవాళ్ళు ఒక్కరూ పట్టుకోలేదు సరికదా, ఆ వారం మరీ బాగుందని మెచ్చుకుంటూ రాశారు.

ఎవరైనా తిట్టి ఉంటే నీలవేణి తట్టుకునేదే. తిట్లకు ఆమె దగ్గర జవాబుండేది. మెచ్చుకోవడమే ఆమెను కాల్చేసింది. తను రాస్తున్నవి రెండు కథలు కావని, పదేళ్ళుగా రాస్తున్నది ఒక్కటే కథేమోనని భయం పట్టుకుంది. భయమేసినప్పుడు కొందరు ఏడుస్తారు. నీలవేణి తగువు పెట్టుకుంటుంది.

“నేను చదవకపోబట్టే ఇలా అయిందంటారు, నాకు తెలుసు” అంది కూర్చుంటూనే.

“నేనేమీ అనలేదమ్మా” అన్నారు టీచరుగారు.

“అనకపోయినా వినబడుతోంది. ఎప్పుడు చదవమంటారు? నేను పుస్తకం ముట్టుకుంటే చాలు, మా అత్తగారికి దాహమేస్తుంది. ఎడిటరుకు తొందర పుడుతుంది. అయినా రాసేవాళ్ళు రాయాలి, చదివేవాళ్ళు చదవాలి. వంటమనిషి ఊరంతా తిరిగి భోంచేసొస్తే గాని గరిటె పట్టకూడదా?”

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎక్కడైనా వాడుకుందామని కూడా అనుకున్నాను. టీచరుగారు మాత్రం చిక్కుడుకాయ విరిచి, పుచ్చుందేమో చూసి, “ఈ వారం ఏం రాస్తున్నావు?” అన్నారు.

“ఒక కవరు నిన్ననే వెళ్ళిపోయింది. రెండోది ఇదిగో, సంచీలో ఉంది. చివరి పేజీ మిగిలింది. అప్పలసూరిని ఇక్కడికే రమ్మన్నాను. పోయినవారం ఆలస్యమైందని ఎడిటరు మండిపడ్డాడు. ఈసారి అందకపోతే సీరియల్ ఇంకొకరిచేత ముగింపిస్తాడట.”

“కథ చెప్పు, వింటాను.”

“వసుంధర భర్తను వదిలేసి పుట్టింటికి వస్తుంది. వానలో తడిసి తలుపు తడుతుంది. తలుపు తీసింది...”

“వదిన” అన్నారు టీచరుగారు.

“అవును, వదినే. లోపలికి రమ్మనదు. అంతలో వెనకగదిలోంచి...”

“తండ్రి దగ్గుతాడు.”

నీలవేణి పట్టు వదల్లేదు. “బయటికొచ్చి కూతుర్ని చూసి...”

“ఏమీ అనడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.”

నాకు నవ్వొచ్చింది గాని, నీలవేణి మొహం చూసి మింగేశాను. ఆమె మొహం జేవురించింది. “ఇందులో గొప్పేముంది? ఎవరి కథైనా అంతే. నేనూ ఇన్నేళ్ళుగా రాస్తున్నదాన్నే. మీరు నెత్తిన పెట్టుకునే పుస్తకం ఏదైనా ఇవ్వండి. తర్వాత ఏం జరుగుతుందో నేనూ చెప్పేస్తాను.”

“చెప్పేస్తావా?”

“చెప్పేస్తాను.”

టీచరుగారు చెయ్యి తుడుచుకుని, పక్కనే కిటికీలో ఉన్న పాత నవల తీసి ఇచ్చారు. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ ఎప్పుడో పోయింది. మధ్యలో ఒక చీపురుపుల్ల పెట్టి ఉంది. “నేను అక్కడిదాకా వచ్చాను. అక్కణ్ణుంచి పైకి చదువు” అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డారు.

నీలవేణి చదవసాగింది. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల ఊరు. ఒక అత్త, మొగుడు పోయిన కోడలు. కోడలికి ఎవరితోనో స్నేహం కలిసిందని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది. ఓ పొద్దున కోడలు మడుల దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి అత్త గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నీలవేణి పేజీ చివర ఆగి, పుస్తకంలో వేలు పెట్టి మూసింది. “జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తుంది” అంది.

పేజీ తిప్పింది. అత్త జుట్టు పట్టుకున్న మాట నిజమే. పట్టుకుని, కోడల్ని తన ముందు కూర్చోబెట్టుకుని, చిక్కు తీయడం మొదలుపెట్టింది.

“సరే, ఇప్పుడు చచ్చిపోయిన కొడుకు గుర్తొచ్చి ఏడుస్తుంది. ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు” అంది నీలవేణి, కొంచెం గొంతు పెంచి.

అత్త ఏడవలేదు. దువ్వుతూ దువ్వుతూ, వాడెవడే అని అడిగింది. కోడలు చాలాసేపు తటపటాయించి పేరు చెప్పింది. ఆ పేరు విని అత్త పకపకా నవ్వింది.

“ఎందుకు నవ్వింది?” అంది నీలవేణి.

“నాకేం తెలుసు? నేను చీపురుపుల్ల దాకానే చదివాను” అన్నారు టీచరుగారు.

“ఇలాంటప్పుడు ఎవరైనా నవ్వుతారా? ఈ రాసినాయనకు బుద్ధి లేదు” అని విసుక్కుంటూ ఇంకో పేజీ చదివింది. ఇంకోసారి జోస్యం చెప్పింది, అదీ తప్పింది. ఆ తర్వాత చెప్పడం మానేసింది. గొంతు క్రమంగా తగ్గింది. కాసేపటికి పెదవులు మాత్రమే కదిలాయి, ఇంకాసేపటికి అవీ ఆగిపోయాయి. “పైకి చదువు, మేమూ ఉన్నాం” అన్నాను నేను. ఆమెకు వినబడలేదు. ఒళ్ళోంచి సంచీ జారి, వసుంధర కాగితాలు సగం బయటికొచ్చి నేలమీద పడ్డాయి. టీచరుగారు వాటిని చూసి, చేటలోని ఈనెలు పారబోయడానికి లేచి వెళ్ళారు.

గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. “అమ్మగారూ, కవరు రెడీయేనా? మెయిలు టైమైపోతంది” అన్నాడు అప్పలసూరి.

నీలవేణికి ఈసారి వినబడింది. తలెత్తి అతన్ని చూసింది, కింద పడ్డ కాగితాలను చూసింది. మిగిలింది ఒక్క పేజీ. ఆ కళ్ళజోడు తుడిపించడానికి ఆమెకు ఎంతసేపు పడుతుంది? అప్పలసూరి టీ తాగేలోగా అయిపోతుంది. పదేళ్ళ పేరు, పిల్లల స్కూలు ఫీజులు, అన్నీ ఆ కవర్లోనే ఉన్నాయని మా అందరికీ తెలుసు. రాసి ఇచ్చేస్తుందనే అనుకున్నాను.

“ఇవ్వను” అంది నీలవేణి.

“ఏటండీ?”

“ఈ వారం కవరు లేదు.”

“నేదంటే ఎలాగండీ? అందకపోతే ఇంకోళ్ళ సేత ముగింపించీస్తామని మరీ మరీ సెప్పమన్నారు.”

“ముగింపించుకోమను అప్పలసూరీ. తలుపు తీసేది వదిన, దగ్గేది తండ్రి. ఆ మాత్రం ఎవరైనా ముగించేస్తారు.”

ఆమె చెయ్యి సంచీ వైపు వెళ్ళలేదు. నాకు ఆమె మీద అంతకుముందు ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది. మళ్ళీ తల దించుకుని, ఎక్కడ ఆపిందో వెతుక్కుని, చదువుకోసాగింది.

అప్పలసూరి సైకిలుకు స్టాండు వేశాడు. చేట పట్టుకుని తిరిగొచ్చిన టీచరుగారిని అడిగాడు. “మరి నేనెల్లి ఆళ్ళకి ఏటని సెప్పాలండీ?”

“ఆవిడ ఊళ్ళో లేదని చెప్పు నాయనా.”

“అదేటండీ, ఎదరే కూకున్నారు కదా.”

టీచరుగారు నీలవేణి వైపు చూశారు. నీలవేణి పేజీ తిప్పుతోంది.

“కూర్చుంది గాని, ఊళ్ళో లేదు” అన్నారు. “తిరిగొచ్చాక రాస్తుంది.”