బొల్లయ వెనక్కి పంపిన ఏడు గిన్నెలు

"అయ్యగారూ, సముద్రం అవతల వైద్యం నేర్పే ఇంట్లో మొట్టమొదటి పాఠం ఏంటండీ?" అని ఐతన అడిగాడు. అడిగింది ధరణికోట ప్రోలయ్య గారిని. వైద్యంలో ఆయనది పెద్ద చెయ్యి. కాకపోతే సూటిగా అడిగితే సూటిగా చెప్పరు, ఒక కథ ఎత్తుకుంటారు. కథ అయ్యాక దాని అర్థం అడిగితే మళ్లీ మందు నూరుకుంటారు. ఆయన అంతే.

ఐతన ఆరోజు మాంచి ఊపు మీదున్నాడు. ఏడేళ్ల చదువు అయిపోయింది, వచ్చే నెల మోటుపల్లి రేవు నుంచి పారశీక దేశానికి ఓడ పోతోంది, అందులో పోవడానికి గురువుగారి సెలవు కావాలి. ఇంకో గొప్ప కూడా ఉంది. పొద్దున్నే ఎవరో ముసలాయన జ్వరంతో వచ్చాడు, మోకాళ్ల దాకా దారి దుమ్మే. గురువుగారి దాకా తేకుండా ఐతనే నాడి చూసి, ఏమీ తినకుండా ఉండమని లంఘనం చెప్పేసి, అరుగు మీద కూచోబెట్టేశాడు. అది కూడా చెప్పుకున్నాడు, మెచ్చుకుంటారేమో అని. ప్రోలయ్య గారు అంతా విన్నారు. కరక్కాయ దంచే చెయ్యి మాత్రం ఆపలేదు. బొల్లయ అని ఒకడుండేవాడురా, అంటూ మొదలెట్టారు.

బొల్లయదీ ఈ కృష్ణ ఒడ్డే. నాడి పట్టుకుంటే నిన్నటి కోపం కూడా చెప్తాడని పేరు. ఉన్న ఊళ్లో ఉన్నది నేర్చేసుకుని, ఇంకా ఏదో ఉంది ఏదో ఉంది అని కాలు నిలవక పారశీక దేశం ఓడెక్కేశాడు. ఓడలో వాంతులు, దిగాక ఒంటెల మీద ఇరవై రోజులు, నడుము విరిగి చేరాడు. చేరాక మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. రోగుల కోసమే ఒక ఇల్లు! మధ్యలో నీళ్ల కాలవ, చుట్టూ వరసగా మంచాలు. జ్వరాలది ఒక వరస, కళ్లది ఒక వరస, విరిగిన ఎముకలది ఇంకోటి. నొప్పితో వేగిపోయేవాళ్ల కోసం ఒకాయన పొద్దువాలేటప్పుడు వీణ లాంటిదేదో వాయించేవాడు. ఆ ఆకేంటి, ఈ వేరేంటి, ఆ కత్తికి వంకరెందుకు అని బొల్లయ కనపడ్డవాణ్ణల్లా పీక్కుతినేవాడు.

ఆ ఇంటికి పెద్ద హకీం జమాలుద్దీన్. ఆయన పద్ధతి ఒకటుంది. వచ్చినవాడు ఏడాది పాటు మందులు నూరాలి. తర్వాత వాడికి ఒక్క మంచం ఇస్తారు. ఆ మంచం మీది రోగి తన కాళ్ల మీద తను నడిచి గుమ్మం దాటితే, వీడికి లోపలి పాఠశాలలోకి దారి. కత్తి పని, కంటి పని అన్నీ అక్కడే. దాటకపోతే మాత్రం తిరుగు ఓడే. బొల్లయ ఏడాదిలో రెండు వందల మందుల పేర్లు వాళ్ల భాషలో కంఠస్థం చేశాడు. కానీ అక్కడ వాడికొచ్చిన మొదటి మాట మందు పేరు కాదు. వంటింటి యాకూబ్ అని ఒక ఒంటికన్ను ముసలాయన, రోజూ మధ్యాన్నం వీణ్ణి చూడగానే "ఖోర్దీ?" అనేవాడు. తిన్నావా అని. ఇంత దూరం వచ్చినా ఈ గోల తప్పలేదే, మా వీధిలోనూ ఎదురుపడ్డ ప్రతివాడూ ఇదే అడుగుతాడు, అని బొల్లయ నవ్వుకునేవాడు.

ఏడాది నిండింది, మంచం ఇచ్చారు. దాని మీద మురాద్ అనే ఒంటెల కాపరి, బజార్లో పడిపోతే మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. బొల్లయ చెయ్యి పట్టుకున్నాడు, జ్వరం. ఇంత తేలికా అనుకున్నాడు. జ్వరానికి ముందు ఏం చెయ్యాలో మన దగ్గర చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు, లంఘనం పరమౌషధం అని. అక్కడి వాళ్లేమో జ్వరం మనిషికి కూడా మాంసం ఉడికించిన రసం గిన్నెలో పోసి పెడుతున్నారు. వీళ్లకి ఇంత పెద్ద ఇల్లుంది గానీ ఇది తెలీదా అని బొల్లయకి జాలేసింది. గిన్నె వచ్చిన ప్రతిసారీ తిప్పి పంపేశాడు. శొంఠి నీళ్లు మాత్రం తాగించాడు. ఈ కుర్రాడు రేపు నా గరిటెకి కూడా నాడి చూస్తాడు అని యాకూబ్ వెక్కిరించాడు. బొల్లయ పట్టించుకోలేదు. మురాద్ కళ్లు గిన్నె వెనకాలే తలుపు దాకా వెళ్లి వచ్చేవి. అదీ పట్టించుకోలేదు.

మూడో రోజుకి జ్వరం దిగింది. బొల్లయ ఇల్లంతా తిరిగి చెప్పుకున్నాడు. నాలుగో రోజు పొద్దున ఇంకో గిన్నె వెనక్కి పంపి వచ్చి చెయ్యి పట్టుకుంటే నాడి దారప్పోగులా ఉంది, చెయ్యి చల్లగా ఉంది, మనిషి తల ఎత్తలేకపోతున్నాడు. తిరుగు ఓడ సంగతి తర్వాత, ముందు మనిషే పోయేలా ఉన్నాడు. బొల్లయ పరిగెత్తుకెళ్లి హకీం గారి ముందు తనకి వచ్చిన మందులన్నీ ఏకరువు పెట్టాడు, ఇది ఇవ్వనా అది ఇవ్వనా అని.

హకీం గారు అన్నీ విని ఒక్కటే అడిగారు. "జ్వరం రాకముందు వాడు ఎప్పుడు తిన్నాడు?"

బొల్లయకి తెలీదు. వెళ్లి అడగమన్నారు. వెళ్లి వంగి, ఏడాదిగా రోజూ వింటున్న ఆ మాటే మొదటిసారి తన నోటితో అన్నాడు. ఖోర్దీ? మురాద్ మాట్లాడలేక నాలుగు వేళ్లు చూపించాడు. తర్వాత తెలిసిందేంటంటే, ఒంటె చచ్చిపోయి, ఎడారిలో దారి తప్పి, నాలుగు రోజులు తిండి లేకుండా బజారు దాకా వచ్చి పడ్డాడట. జ్వరం ఎండదెబ్బది. అంటే మంచమెక్కేసరికే వాడి లంఘనం అయిపోయింది, దాని మీద మనోడు ఇంకో మూడు రోజులు పెట్టాడు. మరి నోరు తెరిచి అడగొచ్చు కదా అంటే, వైద్యుడే గిన్నె తీసేస్తున్నాడు, ఆయనకి తెలీదా అనుకున్నాడట పాపం.

యాకూబ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. మాడిన పొట్టలో ఒక్కసారిగా పోస్తే అదీ ప్రమాదమేనని ఒక చెంచా పోసి ఆగాడు, మొహం చూశాడు, ఇంకో చెంచా పోశాడు. అలా పొద్దుగూకేదాకా కూచున్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం బొల్లయ వైపు తిరిగాడు. "ఏడు గిన్నెలు వెనక్కి పంపావబ్బాయ్. ఒక్కసారన్నా వాడి మొహం చూసి పంపాల్సింది."

మురాద్ బతికాడు. పదకొండో రోజు గుమ్మం దాటాడు కూడా. కాకపోతే దాటేటప్పుడు వాడి చెయ్యి బొల్లయ భుజం మీద ఉంది. తన కాళ్ల మీద నడిచినట్టా కాదా అని అందరూ హకీం గారి వైపు చూశారు. ఆయన ఆ భుజం మీది చెయ్యిని కాసేపు చూసి, బొల్లయకి ఓడా చూపించలేదు, లోపలి పాఠశాలా చూపించలేదు. వంటిల్లు చూపించారు. ఇంకో ఏడాది అక్కడ.

ప్రోలయ్య గారు కథ ఆపేసి కరక్కాయ పొడి జల్లెడ పడుతున్నారు. ఐతన ఉండబట్టలేక, మరి ఆ ఏడాది తర్వాత లోపలికి వెళ్లాడా, కంటి పని నేర్చుకున్నాడా, ఆ వంకర కత్తి దేనికి అని వరసపెట్టి అడిగాడు. నువ్వు మొదటి పాఠం అడిగావు, చెప్పాను, అన్నారాయన.

ఐతన ఇంకేదో అడగబోయి ఆగాడు. తల తిప్పి అరుగు వైపు చూశాడు. ముసలాయన పొద్దున కూచోబెట్టిన చోటే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు, కాళ్ల మీద ఆ దుమ్ము అలానే ఉంది. ఐతన గబుక్కున లేచాడు. అలవాటుగా చెయ్యి మందుల పెట్టె మీదికి పోయింది.

"అది ఇక్కడే ఉండనీరా" అన్నారు ప్రోలయ్య గారు.