లింబాద్రి ఎంత ఎదిగాడు

లింబాద్రికి ఆ ఉదయం ఏమీ పాలుపోలేదు. వీరదాసు గురువు దగ్గర ఉపదేశం తీసుకుని పద్దెనిమిదేళ్లయింది. ఒక్క భజన మానలేదు, ఆయన చెప్పిన ఒక్క నియమం తప్పలేదు. అయినా ముందుకు నడిచాడో, ఉన్నచోటే ఉన్నాడో, వెనక్కి జారాడో తేల్చుకోలేకపోతున్నాడు.

తేల్చుకోక తప్పని పనీ వచ్చిపడింది. గురువుకు చూపు మందగించింది. వచ్చే ఏకాదశి నుంచి గద్దె మీద కూర్చుని నలుగురికీ తత్వం చెప్పమని లింబాద్రికి కబురు పెట్టాడు. గద్దె అంటే మడత పెట్టిన పాత గొంగడే. అయినా దాని మీద కూర్చునే అర్హత తనకుందో లేదో అతనికి తెలియదు.

లింబాద్రి వెళ్లేసరికి గురువు తన గుంటమగ్గం పక్కన కూర్చుని ఉన్నాడు.

"నాతోని కాదయ్యా. నేను ఎదిగిన్నో లేదో నాకే సమజైతలేదు."

"పోగు తెగింది. ముందుగాల ముడెయ్యి."

లింబాద్రి గుంటలోకి కాళ్లు దించి ముడి వేశాడు. "మొదటేడు తత్వం పాడితే కండ్లెంబడి నీళ్లు కారేటివయ్యా. ఇప్పుడు గొంతు మంచిగనే పలుకుతది, కండ్లు మాత్రం ఎండే ఉంటయి. గిది ఎదుగుడా, ఎండుడా?"

గురువు పడుగు మీద చేత్తో తడుముతున్నాడు. ఫట్టున ఇంకో పోగు తెగింది. పాపం, చూపానక చెయ్యి తగిలిందనుకుని లింబాద్రి ముడి వేశాడు. మరొకటి తెగింది, అదీ వేశాడు. నోరు తన గోడు చెబుతూనే ఉంది, వేళ్లు వాటి పని చేస్తూనే ఉన్నాయి. ఏడో పోగును గురువు దాపరికం లేకుండా పట్టి తెంపాడు.

"అయ్యా, కావాలనే తెంపుతున్నరా?"

"అవ్. కోపం రాలే?"

"మీ మీద కోపమెందుకొస్తది?"

అనేశాక లింబాద్రి ముఖం వెలిగింది. వచ్చిన కొత్తలో అయితే పేక నూలు నడిపే నాడె విసిరికొట్టి వెళ్లిపోయేవాడే. "అంటే... ఎదిగినట్టేనా అయ్యా?"

"ఇంట్ల సత్తవ్వ తెంపితే?"

సత్తవ్వ అతని భార్య. మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆమే. లింబాద్రి తల వంచుకున్నాడు.

"నిన్ననే పోగు తెంపింది. వాడకట్టంత వినంగ తిట్టిన. పొద్దుమీకేదాక బువ్వ తినలే ఆమె."

"ఎన్ని తెంపింది?"

"ఒక్కటే."

గురువు పడుగు మీంచి చెయ్యి తీశాడు. "మరి ఎదిగినవో లేదో నన్నడుగుతవేంది? ఆమెనడుగు."

లింబాద్రి గుంటలోంచి లేవబోయి అక్కడే ఆగిపోయాడు. ఇన్నేళ్లూ గురువును అడిగాడు, తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆమెను అడగాలని ఒక్కనాడూ తట్టలేదు. ఏం చెబుతుందోనని ఇప్పుడు నిజంగా భయమేసింది.

"మరి గద్దె సంగతి అయ్యా?"

"అది గూడ ఆమెనే అడుగు," అన్నాడు గురువు.