అమ్మ నార తెచ్చేదాకా

పొద్దా పొద్దా పోవద్దే,
మొగ్గా మొగ్గా విచ్చొద్దే,
అమ్మ నార తెచ్చేదాకా...

ఆ తర్వాత ఏముందో ఓబులమ్మకు గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు అమ్మ పాడేది. మల్లెమొగ్గల గంప ముందు పెట్టుకుని, అరటినార కొస కాలి బొటనవేలికి తగిలించి, కడుతూ కడుతూ పాడేది. మూడు ముక్కలు నోటికొస్తాయి. నాలుగోది రాదు. దర్గా గట్టు మెట్లెక్కుతూ మూడుసార్లు పాడి చూసుకుంది. మూడుసార్లూ అక్కడికొచ్చే ఆగిపోయింది.

సరేలే, పాటలు వెతుక్కునే తీరిక ఇప్పుడెక్కడిది అనుకుని గబగబా ఎక్కేసింది.

గట్టు మీద దర్గాలో మౌలాలి తాత ఉంటాడు. ఎనభై దాటిన ఫకీరు. అరవై ఏళ్ల ఓబులమ్మకే కాదు, ఊరంతటికీ ఆయన తాతే. ఆయన దగ్గర ఆమె ఉపదేశం తీసుకుని పన్నెండేళ్లయింది. అంతకు ఎంతో ముందు నుంచే, కాపురానికొచ్చిన నాటి నుంచీ, ప్రతి బేస్తవారం సమాధి మీదికి మల్లెమాల తెచ్చేది ఆమే. పూలు కట్టి అమ్మడమే ఆమె బతుకు. కానీ ఆ ఒక్క మాలా అమ్మేది కాదు. ఎవరెంత అడిగినా ఇచ్చేదీ కాదు.

చదువు మాత్రం యాభై ఎనిమిదో ఏట మొదలైంది. తాత దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. ఆయన గురువు పాడిన తత్వాలు నూటపన్నెండు, తాత సొంత చేతిరాతలో. "నా తర్వాత ఇది నీదే ఓబులమ్మా. చదవను నేర్చుకో" అన్నాడు ఒకనాడు. ఆ మాట కోసమే ఆమె పెద్దోళ్ల రాత్రిబడిలో చేరి పలక పట్టింది. 'అ' అక్షరం ఆమె చేతిలో కుదురుకోవడానికే నెల పట్టింది. పూలను పట్టుకున్న వేళ్లు బలపాన్ని పట్టుకోమంటే మొరాయించాయి. రెండేళ్లు పోరాడి పోరాడి, ఇప్పుడిప్పుడే తడుముకోకుండా చదువుతోంది.

సరిగ్గా అప్పుడే కళ్ల డాక్టరు ఆ మాట చెప్పాడు. నీటికాసులంట. కుడికన్ను అప్పటికే పోయింది. చుక్కలమందు వేసుకుంటూ ఉంటే ఎడమకన్ను కొన్నాళ్లు నిలుస్తుంది. ఎన్నాళ్లని అడిగితే, చెప్పలేనమ్మా అన్నాడు.

ఆ రోజు నుంచి ఓబులమ్మ పూలగంప కోడలికి అప్పజెప్పేసింది. ఉన్న చూపంతా అక్షరాలకే. ఈ బేస్తవారం మాల కూడా బస్టాండు దగ్గర కొనుక్కొచ్చింది. నలభై ఏళ్లలో అదే మొదటిసారి.

తాత వేపచెట్టు కింద చాప మీద కూర్చుని, అరటినారను నీళ్లలో తడిపి చీలుస్తున్నాడు. పక్కన చిన్న గంపలో నాలుగైదు దోసిళ్ల మొగ్గలు. ఎవరో మొక్కుకుని, తోటలోవి కోసి తెచ్చిపెట్టి పోయారు.

ఓబులమ్మ మాల ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. పువ్వుకీ పువ్వుకీ మధ్య నార కనబడుతోంది. 

"ఈ పూలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోనట్టుండాయే" అన్నాడు.

"కొన్నాను తాతా. కట్టుకుంటా కూచుంటే పొద్దు పోతాది."

ఆయన మాల పక్కన పెట్టాడు.

"తాతా, ఒక మాట అడగాల. మొన్న బళ్లో పుష్పవేణి టీచరు ఇంగ్లీషు మాటలు చెప్పింది. ఇంగ్లీషోళ్లు టైమును ఖర్చు పెడతారంట. దాచుకుంటారంట. పారేస్తారంట. నిదానంగా చేయమంటే, నీ టైము నువ్వు తీసుకో అంటారంట."

"ఔనా!"

"ఏం తోచకపోతే చంపుతారంట కూడా. బళ్లో నా పక్కన కూచునే రహమత్‌బీ ఊరుకుంటాదా? 'చంపితే పోలీసులు రారా మేడం?' అనింది. అందురూ ఒకటే నగు."

తాత కూడా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

"నాకు మాత్రం నగు రాలేదు తాతా." ఓబులమ్మ గొంతు తగ్గింది. "ఇంటికి పోయి అదే తలపోసుకుంటా ఉండిపోయినా. నా అరవై ఏండ్లను నేనేం చేసినట్టు? ఖర్చు పెట్టింటే ఏమన్నా కొనుక్కోనుండాల గదా. దాచుకోనింటే ఏడన్నా కనపడాల గదా. పారేసుకున్నానా? లేకపోతే చంపేసినానా?"

తాత చీలుస్తున్న నార పక్కన పెట్టాడు. నోటుపుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

"చదువు."

ఓబులమ్మ పుస్తకాన్ని ఎడమకంటి దగ్గరికి పెట్టుకుని చదివింది. ఒక తత్వం అయ్యీకాక ముందే రెండోది. ఊపిరి తీసుకోకుండా మూడోది. పేజీ తిప్పబోతుంటే తాత అడిగాడు.

"మొదటి దాంట్లో ఏముండాదమ్మా?"

ఓబులమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. పిట్ట అన్న మాట ఒకటి ఉన్నట్టుంది. ఏ పిట్టో, ఎక్కడి పిట్టో తెలియలేదు.

"నిదానంగా పోవే తల్లీ."

"ఎట్ల పోయేది!" ఆమెకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నూటపన్నెండు ఉండాయి తాతా! ఉండేది ఒక్క కన్ను. అదీ ఎన్నాళ్లుంటాదో తెలీదు. నీకేం, చాప మీద కూచోని నిదానం నిదానం అంటావు. నా లోపల దీపం ఆరిపోతాంటే నిదానంగా ఎట్ల చదివేది?"

అనేశాక భయమేసింది. గురువును అంతంత మాటలు ఎన్నడూ అన్నది కాదు.

తాత లేచాడు. భుజం మీది ఆకుపచ్చ తుండు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమె రెండు కళ్లకూ అడ్డంగా కట్టాడు. ముడి గట్టిగానే వేశాడు. తడినార ఆమె చేతిలో పెట్టాడు. గంప ఆమె మోకాలికి తగిలేదాకా జరిపాడు.

"కట్టు" అన్నాడు.

"కళ్లు మూసి కట్టమంటే ఎట్ల తాతా?"

చాప చప్పుడైంది. కూర్చున్నాడు కాబోలు.

ఓబులమ్మకు అంతా చీకటి. కొన్నాళ్లకు తన బతుకు ఇట్లాగే ఉంటుంది కదా అనుకుంది. ఏం చేయాలో తోచక నార కొస కాలి బొటనవేలికి తగిలించింది. గంపలో చేయి పెట్టింది. మొగ్గలు చల్లగా తగిలాయి.

రెండు మొగ్గలు ఇటు. రెండు మొగ్గలు అటు. నార చుట్టి, మెలిపెట్టి, లాగి. మళ్లీ రెండు ఇటు, రెండు అటు.

తొడిమ పొడుగుదేదో, కురచదేదో వేళ్లకు తెలుస్తోంది. పురుగు కొట్టిన మొగ్గ తగిలితే చేయి దానంతటదే పక్కన పడేస్తోంది. ఎప్పుడు మొదలైందో తెలియదు, నోట్లో పాట ఆడుతోంది.

పొద్దా పొద్దా పోవద్దే,
మొగ్గా మొగ్గా విచ్చొద్దే,
అమ్మ నార తెచ్చేదాకా,
తెచ్చినాక ఆగొద్దే.

ఓబులమ్మ చేతులు నిలిచిపోయాయి.

"వచ్చింది తాతా!" అంది. "నాలుగోది వచ్చింది!"

"ఏది, ఇంకోసారి పాడు."

పాడింది. పాడుతూ కట్టింది. ఎంతసేపు కట్టిందో ఆమె చూసుకోలేదు, చూడటానికి కళ్లు లేవు కదా. వేపచెట్టు మీద పిట్టలు గూళ్లకు చేరి గోల చేస్తుంటే, పొద్దు వాలినట్టుందే అనుకుంది. చేతిలోని మొగ్గలు మెల్లమెల్లగా మెత్తబడి విచ్చుకుంటున్నాయి. గంపలో చేయి పెడితే అడుగు తగిలింది.

తాత తుండు విప్పాడు. మాలను తన మోచేతి నుంచి వేళ్ల కొసదాకా పెట్టి కొలిచాడు. ఒక మూర. మళ్లీ పెట్టాడు. ఇంకో మూర. మూడో మూరకు కొంచెం తక్కువైంది. పువ్వు పువ్వును ఆనుకుని ఉంది. ఎక్కడా నార కనబడలేదు.

"ఈ వేళ్లకు చదువు చెప్పిందెవరు?" అన్నాడు, ఆమె వేళ్లు చూపించి.

"మా యమ్మ."

"ఎన్నాళ్లు చెప్పింది?"

ఓబులమ్మ తన చేతుల వైపు చూసుకుంది. అమ్మ ఎప్పుడైనా ఇది ఇట్లా, అది అట్లా అని చెప్పిందా? ఎంత వెతికినా అలాంటి రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. సందెవేళ అమ్మ మోకాలు, దానికి ఆనుకున్న తన తల, పాట, అంతే గుర్తుంది.

"చెప్పలేదు తాతా. పాడుకుంటా కట్టేది. నేను పక్కన కూచోనుంటి."

తాత లేచాడు. కొత్తమాల తీసుకుపోయి సమాధి మీద పరిచాడు. చాప దగ్గరున్న కొన్న మాలనూ తెచ్చి ప్రేమగా ఆ పక్కనే పెట్టాడు. దీపం వెలిగించాడు.

ఓబులమ్మ చాప మీది నోటుపుస్తకం ఒళ్లోకి తీసుకుంది. ఇంకా కాస్త వెలుతురుంది. మొదటి పేజీకి తిప్పింది. పిట్ట అక్కడే ఉంది.

"తాతా, దినానికి ఎంత చదవమంటావు?"

ఆయన గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఒక మూర చాలమ్మా. దగ్గర దగ్గరగా కట్టు."