ఆరో దెబ్బ

కోటలో కర్రసాము గురువు గజపాలుడు కొత్తవాళ్లకు పెట్టే పరీక్ష ఒకటే. తనను ఒక్కసారైనా కర్రతో తాకాలి, లేదా సరిహద్దు కాపలాకు పోవాలి.

కుమ్మరి చెంగప్ప చేరి మూడు రోజులే. జంటకర్రల్లో మొదటి పాఠం, ఆరు దెబ్బల వరస, అదొక్కటే వచ్చు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. రెండు కర్రలూ పట్టుకుని గురువు ఎదుట నిలబడ్డాడు.

"వచ్చిందే చూపించరా!" గురువు నవ్వాడు.

చెంగప్ప ఆ పాఠమే మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా అది నేర్పిన గురువు చేతులు వాటంతటవే ప్రతి దెబ్బకూ ఎదురొచ్చాయి. ఆరో దెబ్బకూ పాఠంలో ఉన్నట్టే, అలవాటు చొప్పున ఎడమకే వెళ్లాయి. చెంగప్ప కర్ర మాత్రం గురువు తలపాగా మీద వాలింది.

"పాఠం తప్పావురా!"

"కొత్తవాణ్ణి గదా గురువుగారూ, తప్పాను," చెంగప్ప కర్రలు దించి అన్నాడు. "మీ చేతులకే తప్పడం రాలేదు."