పిసరంత వేగం

త్రిపురకి నలభై ఒకటో ఏట వంతు వచ్చింది. స్వామి కల్యాణోత్సవంలో ఒంటరిగా నాట్యం చేసే వంతు. పద్దెనిమిదేళ్లుగా దానికోసం మొహం వాచి ఉంది.

తీరా ఉత్సవం నెల రోజులుందనగా, సాధనలో ఎగిరి దిగినప్పుడు వెన్నుపూస ఒకటి చిట్లింది. మూత్రపిండం మీదుండే చిన్న గ్రంథి కార్టిసాల్ అనే హార్మోన్‌ని కొంచెం ఎక్కువగా వదులుతోందని, ఏళ్ల తరబడి అదే ఎముకల్ని గుల్ల చేస్తోందని డాక్టరు చెప్పాడు. ఆట ఆపి, పెద్దాసుపత్రికి వెళ్లి వైద్యం చేయించుకోమన్నాడు.

త్రిపుర ఆ కాగితాలు తెచ్చి గురువు చిన్నరాజమ్మ ముందు పెట్టింది. డెబ్భై దాటిన చిన్నరాజమ్మకి మాటల మీద కంటే తాళం మీద నమ్మకమెక్కువ.

“కొంచెమే ఎక్కువటమ్మా. పైకి ఏ జబ్బూ కనబడట్లేదు కదా. ఉత్సవం అయ్యాక వెళ్తాను.”

చిన్నరాజమ్మ ఆమెని కూర్చుని చేతులతోనే జతి ఆడమంది. వెన్ను మాట వినకపోయినా గురువు మాట వినాలిగా, త్రిపుర కూర్చుంది. నిద్రలో లేపి అడిగినా తప్పని జతి అది.

చిన్నరాజమ్మ కర్రతో చెక్క మీద తాళం వేసింది. మొదటి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, హాయిగా నడిచింది. పదోదీ బాగానే ఉంది. ముప్పయ్యోదానికి ఊపిరి అందలేదు. ఇంకాసేపటికి వేళ్లు ఒకదానికొకటి అడ్డంపడి ముద్ర చెదిరిపోయింది.

త్రిపురకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల సాధన ఇంతేనా అనిపించింది. ఎక్కడ తప్పానని అడిగింది.

“నువ్వు తప్పలేదు. ఆవర్తనానికో పిసరు చొప్పున నేనే వేగం పెంచాను.”

“నాకు తెలియనేలేదమ్మా.”

“పిసరే కదా.”

త్రిపుర కాగితాల వైపు చూసింది. వాటిని మడిచి సంచిలో పెట్టుకుంది. రేపే బయల్దేరతానంది. అన్నాక ఏడుపు ఆగలేదు. నొప్పికి కాదు ఆ ఏడుపు. స్వామి ఎదుట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆడాలని ఉంది ఆమెకి.

“మరి నా వంతు?”

చిన్నరాజమ్మ ఆమె కళ్లు కొంగుతో తుడిచింది. ఈసారి ఆ చోట ఎవరినీ నిలబెట్టనని చెప్పింది.

“పద్దెనిమిదేళ్లు ఆయన కోసం నువ్వు ఎదురుచూశావు. ఇప్పుడు నీ కోసం ఆయన్ని ఎదురుచూడనీ.”