కెమెరా వైపు తిరిగిన జింక

జపాన్‌లో మంచు కొండల కింద సుగియామ అనే దేవదారు అడవి ఉండేది. అందులో జింకలు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, కాకులు కలిసి బతికేవి. ఆ అడవికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆటే ఆ జట్టు ఉద్యోగం. ఆడినందుకు అడవి తిండి పెట్టేది.

జట్టులో కజుమ అనే కుర్ర జింక ఉండేది. ఒకరోజు అది గాల్లోకి ఎగిరి కొమ్ములతో గోల్ కొట్టింది. కురో అనే కాకి దాన్ని ఫోన్లో తీసి నెట్‌లో పెట్టింది. సముద్రం అవతలి అడవులు కూడా చూశాయి. వారం తిరక్కుండానే కజుమకు లక్షలమంది అభిమానులు తయారయ్యారు.

జట్టుకు తలనొప్పి మొదలైంది. కజుమ ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చేది. బంతి అందితే చాలు, మెడ ఎగరేసి కురో వైపు తిరిగేది. గోల్‌కీపర్ తెత్సు అనే ఎలుగుబంటి, అదే కెప్టెన్. చెప్పి చెప్పి దానికి విసుగొచ్చింది. గట్టిగా మందలిస్తే కురో ఆ మందలింపు కూడా నెట్‌లో పెట్టేది. అభిమానులు తెత్సునే తిట్టేవారు.

"ముందు బంతిని చూడరా బాబూ. నిన్నెవరు చూస్తున్నారో తర్వాత చూద్దువుగాని" అంది తెత్సు.

"ఇంతమంది నాకోసమే కదన్నా వస్తున్నారు. నీకోసం ఎవరొస్తున్నారు?" అంది కజుమ.

తెత్సు చేతి తొడుగులు విప్పి నేలకేసి కొట్టి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. రాక ఏం చేస్తుంది?

జట్టులో మియో అనే కుందేలు కూడా ఉండేది. అది రోజూ అందరికంటే ముందొచ్చి, చెట్టు మానుకు బంతి కొడుతూ సాధన చేసేది. దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు.

ఏటి ఒడ్డున ఎండ బాగా పడే మైదానం ఒకటుంది. ఏటా అక్కడ వెదురు అడవి కోతులతో పోటీ జరిగేది. గెలిచిన అడవి పిల్లలు చలికాలమంతా అక్కడ వెచ్చగా ఆడుకోవచ్చు.

ఆ ఏడు ఆట చివరిదాకా సమానంగా సాగింది. మియో బంతిని కజుమకు అందించింది. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది. కజుమ ఆగి, కురో వైపు తిరిగి నవ్వి, వెనక కాలితో బంతిని తన్నింది. బంతి నింపాదిగా దొర్లుతుంటే ఒక కోతి అందుకుని పరుగెత్తి గోల్ కొట్టేసింది.

ఆ చలికాలం సుగియామ పిల్లలు చెట్ల నీడలో వణికారు. కజుమ ఓటమి వీడియోను దాని గోల్ కంటే ఎక్కువమంది చూశారు. నిన్న పొగిడినవాళ్లే పడీ పడీ నవ్వారు. కజుమ సిగ్గుతో తల దించుకుంది.

మరుసటి ఏడు తెత్సు దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఈసారి చివరి నిమిషంలో మియో రెండు కోతులను దాటుకుని గోల్ కొట్టింది. బెంచీ మీది నుంచి అందరికంటే ముందు లేచి దాని దగ్గరికి పరుగెత్తింది కజుమే.

ఆ గోల్ మళ్లీ చూపించమని అందరూ కురోని అడిగారు. కురో ఫోన్లో ఎంత వెతికినా ఆ గోల్ దొరకలేదు. ఆటంతా అది బెంచీ మీది కజుమనే తీసింది. తెత్సు తల పట్టుకుంది.

పిల్లలు మాత్రం వీడియో కోసం ఆగలేదు. అప్పటికే ఎండలోకి పరుగెత్తారు.

నీతి: మెప్పు కోసం పని వదిలేస్తే పనీ చెడుతుంది, మెప్పూ పోతుంది. శ్రద్ధగా చేసిన పని ఎవరూ చూడకపోయినా ఫలితం ఇస్తుంది.