గురవమ్మ ఇంటి కప్పు

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట కుమ్మరివాళ్లు లేరు. ఆవం అంటే ఏమిటో మీకెవరూ చెప్పి ఉండరు. పచ్చి కుండలు పేర్చి, పిడకలూ ఊకా కప్పి, పైన తడిమట్టి మెత్తి, నిప్పు పెట్టి కాల్చే చోటే ఆవం. ఇక వినండి.

ఏ కాలమో అడగొద్దు, ఏ రాజు ఏలాడో అడగొద్దు. అన్నీ తాటాకు ఇళ్లే ఉన్న ఒక ఊళ్లో కుమ్మరి గురవమ్మ ఉండేది. మొగుడు సోమన్న కుండలు చేసేవాడు. ఆవం కాల్చడం ఆమె పని. ఒక వేసవిలో ఆవంలోంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరింది. పక్కనున్న పశువుల కొట్టం అంటుకుంది. పలుపు తెంచుకోలేక ఒక దూడ చచ్చిపోయింది. ఆ దూడ అరుపు గురవమ్మ చెవుల్లోంచి పోలేదు.

మరుసటేడు ఆవానికి కొత్త చోటు చూడాలి. తొందరగా చూడాలి. ఇంటినిండా పచ్చి కుండలు. పడమట మబ్బు పడుతోంది. నాలుగు చినుకులు తగిలితే కుండలన్నీ మళ్లీ మట్టే.

గాలికి రవ్వ ఎటు పోతుందో ఊకతో చూద్దామని గురవమ్మ కళ్లం దగ్గరికి వెళ్లింది. గుప్పెడు ఊక తీసింది, గాలిలోకి విసిరింది, అది పోయిన వైపు నడిచింది. ఊక గడ్డివాముల మీద వాలింది.

"ఇక్కడ కాదు" అంది.

చింతతోపు పక్కకు వెళ్లింది. గుప్పెడు ఊక తీసింది, గాలిలోకి విసిరింది, అది పోయిన వైపు నడిచింది. ఊక బాలింత ఇంటి చూరు మీద వాలింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

"ఇక్కడ కాదు" అంది.

వాగు దాటి ఇసుకలోకి వెళ్లింది. గుప్పెడు ఊక తీసింది, గాలిలోకి విసిరింది. ఊక నీళ్లలో పడింది. హమ్మయ్య అనుకుంది. తీరా ఒక తట్ట పచ్చి కుండలు మోసుకొస్తే, వాగు దాటేసరికే సగం బీటలు వారాయి.

"ఇక్కడా కాదు" అంది.

ఊరి పెద్దకాపు నవ్వాడు. "ఏమే గురవమ్మా, ఆవానికి సంబంధాలు చూస్తున్నావా? ఒక్కటీ కంటికి ఆనడం లేదే!"

"సంబంధం చెడితే రెండిళ్లు ఏడుస్తాయి బాబూ. ఇది చెడితే ఊరంతా ఏడుస్తుంది."

ఇంటికొచ్చింది. ఊరి తూర్పు కొసన ఆఖరి ఇల్లు వాళ్లదే. దాని వెనక రాళ్ల బీడు. వాకిట్లో నిలబడి ఊక విసిరింది. తన ఇంటి కప్పు మీద వాలింది. మళ్లీ విసిరింది. మళ్లీ అక్కడే వాలింది.

"ఇక్కడే" అంది.

సోమన్న అదిరిపడ్డాడు. "మన కొంపే కాల్చుకుందామనా?"

"కాలడానికి పైన ఏమీ లేకుండా చేద్దాం. నిచ్చెన పట్టుకో, మావా."

"వాన ముందు కప్పు పీకుతావటే? పిల్లలు తడవరూ?"

"తడిస్తే తుడుచుకుంటారు. కాలితే ఏం చేస్తాం మావా?"

సోమన్న నిచ్చెన పట్టుకున్నాడు. ఇద్దరూ కప్పంతా పీకి, ఆకులు బీడు అవతల పారేశారు. పిల్లల్ని చుట్టాలింటికి పంపి ఆవం అంటించారు. పడమటి గాలి రేగింది. రవ్వలు లేచి నేరుగా ఆ ఇంటి మీదికే వచ్చాయి. గురవమ్మ తడి గోనె పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ పరిగెత్తింది. ఒకటి ఆర్పితే మరొకటి. అది ఆర్పితే ఇంకొకటి. ఆవం చల్లబడ్డాక గానీ వాన దిగలేదు. ఆ వానలో మొగుడూ పెళ్లాలు కప్పులేని ఇంట్లో తడుస్తూ కూర్చున్నారు.

తెల్లవారి పెద్దకాపు కుండల కోసం వచ్చాడు. తల పైకెత్తాడు. వాసాల నిండా నల్లటి కాలిన మచ్చలు. చాలాసేపు చూశాడు. కుండ అడగలేదు. వెనక్కి వెళ్లి, ఒక తాటాకు భుజాన వేసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. అది చూసి ఇంటికొకరు తలా ఒక ఆకు తెచ్చారు. పొద్దుగూకేలోగా గురవమ్మ ఇంటికి కొత్త కప్పు పడింది.

గురవమ్మ ముసలిదై చనిపోయింది. ఆ ఇల్లూ పోయింది. అయినా ఆ ఊళ్లో ఆవం వేసే రోజున ఇంటికొక తాటాకు కుమ్మరి వాకిట్లో పెడతారు. పెంకుటిల్లయినా సరే పెడతారు. "గురవమ్మ కప్పు" అని దణ్ణం పెట్టుకుంటేగానీ నిప్పు ముట్టించరు.

ఈ కథ మీ తోటిపిల్లలకు చెప్పండి. రేపు మీకు పుట్టే పిల్లలకూ చెప్పండి. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం మార్చకండి. ఆమె పీకింది పక్కింటి కప్పు కాదు, తన ఇంటి కప్పు.